మిద్దె మీది చౌడు

ముత్యాలప్ప చెవి కొరికింది నేనే. ఇన్నేళ్ళయ్యాక దాచుకోవడానికి ఏముంది? కుడిచెవి తమ్మె నా పళ్ళ మధ్య తెగి వచ్చింది. దాన్ని తుపుక్కున ఉమ్మేసి మళ్ళీ మీదికి పోయాను. అప్పుడు నాకు ఏడు నెలల కడుపు. నలుగురు ఆడవాళ్ళు జుట్టూ చేతులూ పట్టి లాగితే గాని నన్ను విడదీయలేకపోయారు.

అది యాభై తొమ్మిదో సంవత్సరం, ఉగాది పండగ నాడు.

గుత్తి స్టేషనుకు అవతల, రైలుకట్ట దాటాక, కొత్తగా లేచిన పేటలో ఉండేవాళ్ళం. వానలు ముఖం చాటేసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే అందరూ. మాది కుందుర్పి పక్క, పక్కింటివాళ్ళది తనకల్లు. సొంత గోడ అనేది పేట మొత్తంలో ముగ్గురికో నలుగురికో ఉండేది. మిగిలినవాళ్ళమంతా బాడుగ మనుషులం. అందులో ఐదు మిద్దెలు గోడకు గోడ అంటించి కట్టినవి బయ్యన్నవి. బయ్యన్న వరస అనేవాళ్ళు. ఆయనకు పల్లెలో ఇరవై ఎకరాల మెట్ట ఉండేది. బావి ఎండిపోయాక, భూమి అన్నం పెట్టదు బాడుగలైనా పెడతాయని ఆ వరస కట్టించాడు.

ఆ వరసకు ఒక కట్టుబాటు ఉంది. ఉగాది నాడు అందరూ ఒక్కో ఇల్లు జరగాలి. మొదటింటి వాళ్ళు రెండో ఇంటికి, రెండో ఇంటి వాళ్ళు మూడో ఇంటికి, చివరివాళ్ళు తిరిగి మొదటికి. బయ్యన్న నాయన గుత్తి ఊర్లో ఒకడికి ఇల్లు బాడుగకిచ్చి, పన్నెండేళ్ళు కదిలించకుండా ఉంచాడట. పదమూడో ఏడు వాడు ఇల్లు నాదే పొమ్మన్నాడట. కోర్టు మెట్లెక్కీ దిగీ ఆ ముసలాయన ఇల్లు లేకుండానే పోయాడు. అప్పటినుంచి బయ్యన్నకు ఒకటే భయం, ఒకే గడపలో ఎవరూ పాతుకుపోకూడదని.

ఈ సంగతి అప్పట్లో నాకు సరిగ్గా తెలియదు. మేము ఆ వరసలో మూడో ఇంట్లో దిగింది ముందటేడు ఉగాది దాటిన నెలకు. ఎవరో ఒకరిద్దరు చెబితే, బాడుగ ఎగ్గొట్టినవాళ్ళను జరుపుతారేమో అనుకున్నాను. నా మొగుడు ఎర్రప్పకు మాత్రం బాగా తెలుసు. షెడ్డులో ఇంజన్లకు బొగ్గెత్తే కూలి ఆయన. అన్నీ తెలిసీ నాకు చెప్పలేదు, ఎందుకు చెప్పలేదో కూడా చెబుతాను.

మేము దిగేనాటికి ఆ మూడో మిద్దె మీద చౌడు లేదు. మా పక్క మిద్దెలన్నీ ఒకటే తీరు. వేప దూలాలు, వాటి మీద బండలు, బండల మీద మన్ను, ఆ పైన చౌడు. చౌడంటే తెల్లటి ఉప్పు మన్ను. తడిసిందంటే బిగుసుకుని చుక్క కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందే వేసుకోవాలి. వేద్దామయ్యా అంటే ఎర్రప్ప నవ్వాడు. "రెండేండ్లుగా వానే లేదు, చౌడెందుకు మే?" అన్నాడు. మృగశిర కార్తెలో వాన రానే వచ్చింది. మిద్దె మొత్తం కారింది. నా ఆరునెలల ఆడబిడ్డను ఎక్కడ పడుకోబెట్టినా తడే. దగ్గు పట్టింది. ఎనిమిది దినాలు దగ్గి, తొమ్మిదో దినం పొద్దున ఊరుకుంది. రైలుకట్ట వెనకాల పూడ్చి వచ్చాము. ఆ తర్వాత ఎర్రప్ప నా కళ్ళల్లోకి చూసి మాట్లాడింది లేదు.

మళ్ళీ కడుపు నిలబడ్డాక నేను ఒట్టు పెట్టుకున్నాను. ఈ బిడ్డ మీద ఒక్క చుక్క పడకూడదు. అంతే. అన్నం లేకపోయినా సరే, పొడి నేల ఉండాలి.

మాఘమాసంలోనే మొదలుపెట్టాను. రైలుకట్ట అవతల చౌటి నేల ఉంది. అక్కడ తవ్వి, గంపకెత్తుకుని, అరమైలు నడిచి, నిచ్చెనెక్కి పోసేదాన్ని. పొద్దున మూడు గంపలు, సాయంత్రం మూడు. మెడ నరాలు పట్టేసేవి. పక్కన రెండో ఇంట్లో ఉండే కదిరమ్మ గడపలో నిలబడి చూసేది. ముత్యాలప్ప పెండ్లామే ఈ కదిరమ్మ. ఆయన బండలు కొట్టేవాడు. వాళ్ళకు రెండేళ్ళ ఆడపిల్ల, ఓబమ్మ.

"ఎవురి కోసరం మే నల్లీ, అంత మోస్తాండావు?" అనేది కదిరమ్మ.

"నా బిడ్డ కోసరమక్కా. ఇంకెవురి కోసరం?"

"ఉగాది కానీమే. తర్వాత యేసుకుందువులే."

"ఉగాదికి నా కడుపు నన్ను నిచ్చెనెక్కనిస్తాదా?"

ఆమె నవ్వి ఊరుకుంది. నోరు తెరిచి ఒక్క మాట సూటిగా చెప్పి ఉంటే నా మెడ మిగిలేది. ఎర్రప్ప కూడా చూశాడు. రోజూ షెడ్డు నుంచి వచ్చి, గంపలు దించుకునే నన్ను చూసి తల వంచుకుని లోపలికి పోయేవాడు. ముందటేడు చౌడెందుకన్న నోటితో ఈ ఏడు వద్దని ఎట్లా అంటాడు? ఆ వరసలో ఉగాదికి ముందు చౌడు వేసినదాన్ని నేనొక్కదాన్నే.

పండగ నాడు పొద్దున్నే బయ్యన్న ఎద్దులబండి వచ్చింది. ఇంటింటికీ వేపపూత, బెల్లం చేతిలో పెట్టాడు. పెట్టి, బండి మీదికెక్కి కూర్చుని, "ఇంగ ఎత్తుకోండప్పా సామాన్లు," అన్నాడు. వరసంతా కుండలు, తట్టలు బయటికి రావడం మొదలైంది. మా గడపలోకి ముత్యాలప్ప తన మంచంతో వచ్చి నిలబడ్డాడు.

"యాడికప్పా మంచం?" అన్నాను.

"లోపలికి. ఈ యేడు ఈ ఇల్లు మాది."

అప్పుడు తెలిసింది నాకు. ఎర్రప్ప వైపు తిరిగాను. ఆయన గోడ చూస్తున్నాడు. ఛీ, ఆ నిమిషం ఆయన్నే ముందు నరకాలనిపించింది.

"బయ్యన్నా," అని అరిచాను, "మిద్దె మీద చౌడు నేనేసినా! రెండు నెలలు మోసినా ఈ నెత్తితో! నేను యాడికీ రాను."

"ఎవురు యెయ్యమన్నారు మే నిన్ను? మిద్దె నాది. మిద్దె మీద పడిన మన్నూ నాదే. నాలుగో ఇంటికి నడువు."

నాలుగో ఇంటి కప్పు నాకు తెలుసు. దాని మీద చౌడన్నది ఎన్నడో గాలికి పోయింది. బండల సందులోంచి పగలు ఎండ కింద పడుతుంది. రోకలి అందుకుని గడపకు అడ్డంగా నిలబడ్డాను. ముత్యాలప్ప మంచంతోనే నన్ను నెట్టాడు. నడుము గోడకు కొట్టుకుంది. అప్పటికి గాని మా ఆయనకు కదలిక రాలేదు. వచ్చాడు, ముత్యాలప్ప రొమ్ము మీద గుద్దాడు. మంచం విరిగింది. ఇద్దరూ వీధిలో పడ్డారు. బండ్లోంచి బయ్యన్న, "కొట్టుకోండి, అయినంక చెప్పండి," అని ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకున్నాడు.

ముత్యాలప్ప సామాన్లలో బండలు లేపే గడారి ఉంది. ఎర్రప్ప కింద నుంచి లేవబోతూ నేల మీద చెయ్యి ఆనించాడు. ముత్యాలప్ప ఎత్తిన గడారి సరిగ్గా ఆ మోచేతి మీద పడింది. చప్పుడు వీధి ఆ కొస దాకా వినపడింది. నా మొగుడు అరవలేదు, చెయ్యి వంక చూసుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఏం చేశానో మొదటే చెప్పాను కదా.

పొద్దు తిరిగేలోపు నేను నాలుగో ఇంట్లో ఉన్నాను. నోట్లో ముత్యాలప్ప నెత్తురు ఉప్పగా ఉంది. ఎంత పుక్కిలించినా పోలేదు.

ఎర్రప్ప చేతికి కట్టు కట్టించాము. వంకరగానే అతుక్కుంది. ఒంటి చేత్తో పార ఎట్లా పడతాడు? షెడ్డు వాళ్ళు వద్దన్నారు. రైలుకట్టకు కంకర మోసే పని నేను పట్టుకున్నాను. ఎనిమిదో నెల కడుపుతో పోతుంటే మేస్త్రీ ముఖం తిప్పుకునేవాడు. ఇంక చౌటి నేల దాకా పోయి గంపలు మోసే ఓపిక నాకు లేదు. ఒంటి చేత్తో తవ్వి తలకెత్తుకునే వీలు ఆయనకూ లేదు. పడుకుంటే కప్పులో వెలుగు గీతలు కనపడేవి. పక్కింట్లో, నా చౌడు కింద, కదిరమ్మ తన బిడ్డను జోకొట్టే పాట గోడ దాటి వచ్చేది. ఆ పాట వినపడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

వైశాఖం ఎండల్లో ఒకనాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. వీధిలో పిట్ట లేదు. ముత్యాలప్ప బండల దగ్గర, కదిరమ్మ బిడ్డను చంకనేసుకుని శెనక్కాయల మిల్లులో. పైన మిద్దెలన్నీ కలిసే ఉంటాయి, మధ్యలో మోకాలెత్తు మట్టిగట్టు. నిచ్చెనెక్కి నా మిద్దె మీదికి పోయాను. గట్టు దాటి మూడో మిద్దె మీద నిలబడ్డాను. అరికాళ్ళు కాలిపోతున్నాయి. నేను పోసిన చౌడు తెల్లగా, చదునుగా, నేను చదును చేసినట్టే ఉంది.

పారలాంటి సలిక పెట్టి గీకి, గంపలోకి లాగి, గట్టు అవతల నా మిద్దె మీద పోశాను. అట్లా నాలుగు మధ్యాహ్నాలు. దొంగతనమని నాకు అనిపించలేదు, ఒట్టు. నా వస్తువు నేను తెచ్చుకుంటున్నాను. కానీ ఇంకొకటి కూడా చేశాను, అది చెప్పకపోతే పాపం. పైపైన రవ్వంత పొడి మూడో మిద్దె మీద వదిలేశాను, పైకెక్కి చూసినా ఎవరికీ తెలియకూడదని. ఆ పొడి చల్లేటప్పుడు నేను నవ్వుకున్నాను కూడా.

మృగశిర కార్తె రెండో దినం మధ్యాహ్నం వాన దిగింది. రెండు దినాలైనా ఆగలేదు. నా ఇంట్లో ఒక్క చుక్క లేదు. మూలన ఈతచాప పరిచి, దాని మీద పాత చీరలు మడిచి, నా కాన్పుకు చోటు సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆ నేల మీద అరచెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. పొడిగా, వెచ్చగా ఉంది. నాకు నొప్పులింకా రాలేదు, వచ్చినా భయం లేదనుకున్నాను. గోడ అవతల కుండలు జరుపుతున్న చప్పుడు, ముత్యాలప్ప తిట్లు వినపడుతున్నాయి. కానీ కానీ, అనుకున్నాను.

వాన మొదలైన మూడో దినం పొద్దున గోడ అవతల నుంచి దగ్గు వినపడింది.

చిన్నపిల్ల దగ్గు. ముందు పొడిగా రెండు, తర్వాత లోపలికి ఊపిరి లాగేటప్పుడు కీచుమని ఒకటి. ఎర్రప్ప తల ఎత్తి నా వైపు చూశాడు. బిడ్డ పోయినప్పటి నుంచి అదే మొదటిసారి ఆయన నా కళ్ళల్లోకి చూడటం. ఆ దగ్గు మా ఇద్దరికీ బాగా తెలుసు. అది ఎన్నో దినం దగ్గో కూడా చెప్పగలం.

"నువ్వు తెచ్చినావు కదా ఆ మిద్దె మీదిది?" అన్నాడు మెల్లగా.

నేను లేచి వానలోనే పక్కింటికి పోయాను.

లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు. కుండ, చట్టి, తట్ట, అన్నింట్లోనూ టపటపా పడుతోంది. కదిరమ్మ మూలన గోనెసంచి కప్పుకుని, ఒళ్ళో ఓబమ్మను పొదువుకుని కూర్చుంది. పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది. అప్పుడే ముత్యాలప్ప నిచ్చెన దిగి వచ్చాడు, ఒళ్ళంతా బురద.

"పైన చౌడే లేదు," అన్నాడు పెండ్లాంతో. "ఎవురో గీకి పెట్టినారు."

"నేనే," అన్నాను.

కదిరమ్మ పిల్లను మొగుడి చేతిలో పెట్టి లేచింది. నా జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నుదురు చిట్లి కంట్లోకి నెత్తురు దిగింది. ముత్యాలప్ప చేతిలో పిల్ల లేకుంటే నేను ఆనాడే పోయేదాన్ని. నేను చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకున్నాను.

"కొట్టేది తర్వాత కొడుదువు అక్కా," అన్నాను. "ముందు పాపను మా ఇంట్లో పండుకోబెట్టు. ఈ తడిలో ఎనిమిది దినాలే. నేను చూసినా."

ఆమె చెయ్యి నా జుట్టులోనే ఆగిపోయింది. కాసేపటికి వదిలేసింది.

నా కాన్పుకు పరిచిన ఈతచాప మీద ఓబమ్మను పడుకోబెట్టాము. మూడు దినాలు కదిరమ్మ అక్కడి నుంచి కదల్లేదు. నేను పొయ్యి ఆరనివ్వలేదు. సొంటి, మిరియాలు కాచి పట్టించాము. మగవాళ్ళిద్దరూ గడప బయట చెరొక పక్క కూర్చునేవాళ్ళు, ఒకడు వంకర చేత్తో, ఒకడు సగం చెవితో. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. నాలుగో దినానికి పిల్ల ఒళ్ళు చల్లబడింది. గంజి అడిగింది. అడగ్గానే నేను ఏడ్చాను, ఎందుకేడ్చానో నన్నడగొద్దు.

కదిరమ్మ పిల్లకు గంజి తాపుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "పోయినేడు నీ బిడ్డ దగ్గుతాంటే గోడ అవతల నాకు ఇనపడింది. ఎనిమిది దినాలూ ఇన్నా. మా మిద్దె అప్పుడు కారలే. ఈడికి తెచ్చుకోమే అని ఒక్క మాట అనలే నేను."

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను.

వాన వెలిసిన మరునాడు బయ్యన్న బండి వచ్చింది. గోడలు చూసుకోవడానికి వచ్చాడు, మనుషులను కాదు. ఆయన జీతగాడు మిద్దె ఎక్కి చూసి, పైనుంచే అరిచాడు. "మూడో మిద్దె చౌడు నాలుగో మిద్దె మీద ఉండాది అన్నా!"

బయ్యన్న చర్నాకోల చేతికి చుట్టుకుంటూ బండి దిగాడు. "ఎవురు మే నా మిద్దె గీకింది? నువ్వే కదా? కొరికే కుక్కవు నువ్వే కదా?"

నేను గడప పట్టుకుని నిలబడ్డాను. పొద్దున్నుంచి నడుములో సన్నగా నొప్పి. పరిగెత్తే పరిస్థితి లేదు. ముత్యాలప్ప నోరు తెరిస్తే చాలు, ఒక్క మాటతో నన్ను వీధిన పడేయొచ్చు. ఆయన నా వైపే చూస్తున్నాడు.

కదిరమ్మ నన్ను పక్కకు తోసి ముందుకొచ్చింది. "ఆయమ్మ గీకలే. నేనిచ్చినా. నా మిద్దె మీది చౌడు, నా ఇష్టం, ఇచ్చినా."

"ఏందీ? ఎవురి మిద్దె?"

"నా మిద్దె."

బయ్యన్న ముఖం పాలిపోయింది. ఆయన నాయన కోర్టులో విన్న మాట అదే అయ్యుంటుంది. చర్నాకోల గాల్లోకి లేవడం చూశాను, దిగడం చూడలేదు. కదిరమ్మ మెడ నుంచి రొమ్ము దాకా రవికె చీలి నెత్తురు ఎగదన్నింది. రెండోసారి ఎత్తబోయేలోపు ఎర్రప్ప మంచి చేత్తో ఆ తాడు పట్టుకున్నాడు. పట్టుకుని, ముత్యాలప్ప వైపు తిరిగి, ఉగాది తర్వాత ఆయనతో మొదటి మాట మాట్లాడాడు.

"నాది ఒక్క చెయ్యే అప్పా," అన్నాడు.

ముత్యాలప్ప గడారి తీసుకున్నాడు. అదే గడారి. బయ్యన్న మోకాటి చిప్ప మీద ఒక్కటే దెబ్బ. మట్టికుండ పగిలినట్టయింది. బయ్యన్న కిందపడి, తనే కట్టించిన గోడను పట్టుకుని లేవబోయి, లేవలేక అమ్మా అని అరిచాడు. జీతగాడు మిద్దె మీద నుంచి దిగనే లేదు. నాకు జాలి వేసిందా అంటే లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? హాయిగా అనిపించింది.

ఆ హాయిలోనే నా కాళ్ళ మధ్య ఉమ్మనీరు జారింది.

సాయంత్రానికి ముత్యాలప్పను పోలీసులు పట్టుకుపోయారు. అదే సమయానికి లోపల, పొడి నేల మీద, ఓబమ్మ పడుకుని లేచిన ఈతచాప మీద, నాకు కొడుకు పుట్టాడు. బొడ్డు కోసింది కదిరమ్మే. వంగినప్పుడల్లా ఆమె మెడ మీది దెబ్బ నుంచి నెత్తురు చుక్కలు నా మోకాళ్ళ మీద పడ్డాయి. బిడ్డ మీద మాత్రం పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

ముత్యాలప్ప ఆర్నెల్ల తర్వాత వచ్చాడు. బిడ్డను చూపించమన్నాడు. నేను ఇచ్చాను. వాడు చెయ్యి చాచి ఆ తెగిన చెవినే పట్టుకుని లాగాడు. ముత్యాలప్ప కదలకుండా లాగించుకున్నాడు. ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఎర్రప్ప చెయ్యి ఇప్పటికీ వంకరే. కానీ ఆనాడు మాత్రం నేను బిడ్డను వెనక్కి తీసుకోలేదు.

ఆ వచ్చే ఉగాదికి బండి మళ్ళీ వచ్చింది. బయ్యన్న దిగలేకపోయాడు. ఒక కాలు చాపుకుని కూర్చుని, జీతగాడి చేత ఇంటింటికీ వేపపూత, బెల్లం పంపించాడు. అందరం తీసుకుని తిన్నాం. ఒక్క కుండ కూడా ఏ ఇంట్లోంచీ బయటికి రాలేదు. నేను, కదిరమ్మ మిద్దెల మీద ఉన్నాం, గట్టుకు అటొకరు ఇటొకరు. కింద నుంచి ఎర్రప్ప ఒంటి చేత్తో గంప ఎత్తితే ముత్యాలప్ప నిచ్చెన మీద నిలబడి అందుకుని పైకి ఇస్తున్నాడు.

"ఎవురి మిద్దె మీద యేస్తాండారు మే చౌడు?" అని బయ్యన్న కింద నుంచి కేకేశాడు. ఆ కేకలో పోయినేటి గొంతు లేదు.

కదిరమ్మ నా వైపు చూసింది. నేను గంప బోర్లించాను.